తలారి కావలి నుంచి ఠాణా జాబితా దాకా

వృద్ధులను నేరాల బారి నుంచి కాపాడటం పోలీసుల ప్రత్యేక విధుల్లో ఒకటన్న ఆలోచన చాలా ఇటీవలిది. అంతకు ముందు ముసలివారి ఇళ్లలో దొంగలు పడలేదని గాని, వారి ఆస్తిని కాజేసిన అయినవాళ్లు లేరని గాని దీని అర్థం కాదు. ఇంటి నిండా మనుషులున్న కుటుంబమూ, ఊళ్లో అందరినీ పేరుపేరునా ఎరిగిన కావలివాడూ ఉన్నంతకాలం వయసు మళ్లినవారికి వేరే రక్షణ కావాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదు. ఆ రెండు ఆసరాలూ సడలిన తరువాతే ఈ సమస్యకు రూపం వచ్చింది. కనుక దీని చరిత్రను పరిశీలించేవారు పోలీసు బలగం ఎంత పెరిగిందని లెక్కించడం కన్నా, ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో తెలిసినవారికీ నేరాన్ని ఆపగల అధికారం ఉన్నవారికీ మధ్య ఉండిన బంధం ఎలా తెగిందో, దాన్ని తిరిగి ముడివేయడానికి ఎక్కడ ఏ ప్రయత్నం జరిగిందో చూడటం మేలు.

తెలుగు దేశంలో ఆ బంధానికి పాత రూపం తలారి. ఈస్టిండియా కంపెనీ వ్యవహారాల గురించి 1812లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం సమర్పించిన ఐదవ నివేదిక, మద్రాసు రాజధానిలోని గ్రామోద్యోగులను ఒక్కొక్కరినే వివరిస్తూ, నేరాల జాడ తెలుసుకోవడమూ, ఒక ఊరి నుంచి మరో ఊరికి పోయే బాటసారులకు తోడు వెళ్లి కాపాడటమూ తలారి పని అని, పంటలకు కావలి కాయడం వంటి పనులు తోటివానివి అని విభజించి చెప్పింది. తలారికి జీతం లేదు. మాన్యం భూమి, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు రైతులు ఇచ్చే మేర అతని ఆదాయం. ఊళ్లో దొంగతనం జరిగితే దొంగ అడుగుజాడలు పక్క ఊరి పొలిమేర దాటాయని అతడు చూపించాలి, చూపలేకపోతే పోయిన సొత్తుకు తాను పూచీపడాలి అన్న కట్టుబాటు అనేక ప్రాంతాల్లో ఉండేది. రాయలసీమలో బోయలు, నెల్లూరు సీమలో యానాదులు ఇటువంటి కావలి పనుల్లో పేరుపొందారు. ఏ ఇంట్లో పెద్ద దిక్కు లేని ముసలామె ఉన్నదో, ఎవరి కొడుకు దేశాంతరం పోయాడో తలారికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అతడు రాత్రి గస్తీ తిరిగే వీధిలోని గడపలన్నీ పగలు అతనికి మేర కొలిచే గడపలే.

ఆ వ్యవస్థను సత్యయుగంగా చిత్రించడం సరికాదు. అది పుట్టుకతో వచ్చే చాకిరి. దానిలో వెట్టి ఉంది, కులం మీద మోపిన బరువు ఉంది, కావలివాడే దొంగలతో కుమ్మక్కయ్యాడన్న ఆరోపణలు కంపెనీ కాగితాల్లో తరచుగా కనిపిస్తాయి. అయితే ఊరి గురించిన తెలివిడీ ఊరి రక్షణా ఒకే మనిషిలో ఉండటం అనే గుణం దానికి ఉండేది. ఆ తరువాతి వ్యవస్థలు దాన్ని పోగొట్టుకున్నాయి.

పోగొట్టుకోవడం ఒక్కసారిగా జరగలేదు. బెంగాలులో కార్న్‌వాలిస్ పెట్టిన దరోగా పద్ధతిని, అంటే జీతం తీసుకునే ఠాణేదారు కింద కొంత ప్రాంతాన్ని ఉంచే పద్ధతిని, 1802లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఊరి మనిషి కాని దరోగా ఊరికి ఉపకరించలేదని గ్రహించిన థామస్ మన్రో సలహాతో 1816 నాటి పదకొండవ రెగ్యులేషన్ మళ్లీ గ్రామ పెద్దకూ తలారికీ పోలీసు పని అప్పగించి, పైన తాసీల్దారునూ కలెక్టరునూ నిలిపింది. కాని పన్ను వసూలు చేసే చేతికే పోలీసు అధికారం కూడా దక్కడంతో మరో ఘోరం జరిగింది. శిస్తు కట్టలేని రైతుల వేళ్లను చెక్కల మధ్య బిగించడం, మెడనూ కాళ్లనూ కలిపి కట్టి ఎండలో నిలబెట్టడం వంటి హింసలు సాగుతున్నాయని 1855లో చిత్రహింసల విచారణ సంఘం బయటపెట్టింది. దాని ఫలితంగానే రెవెన్యూ శాఖ నుంచి వేరుచేసిన పోలీసు దళం 1859 నాటి ఇరవైనాలుగో చట్టంతో ఏర్పడింది. ఆ చట్టం ‘ఆంధ్రప్రదేశ్ (ఆంధ్ర ప్రాంత) జిల్లా పోలీసు చట్టం, 1859’ అన్న పేరుతో స్వాతంత్ర్యం తరువాత కూడా కొనసాగింది. తెలంగాణలో నిజాం దివాను సాలార్‌జంగు సంస్కరణలు 1860లలో జిల్లాలను ఏర్పరచి, పోలీసు శాఖకు పునాది వేశాయి. అక్కడ గ్రామంలో పోలీసు పటేలు, అతని కింద కావలివాళ్లు ఉండేవారు.

ఈ వేరుపాటు అవసరమైనదే. చిత్రహింసను ఆపడానికి మరో దారి అప్పటికి లేదు. కాని దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. కొత్త పోలీసు యూనిఫారం వేసుకుని, జిల్లా కేంద్రం నుంచి ఆజ్ఞలు తీసుకుని, కొన్నేళ్లకోసారి బదిలీ అయ్యే ఉద్యోగి. ఊరి కబురు అతనికి తలారీ మునసబూ చేరవేయాలి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 45వ సెక్షన్, 1973 నాటి కోడు 40వ సెక్షన్, గ్రామోద్యోగులు ఊళ్లోకి వచ్చిన అనుమానితుల గురించీ అసహజ మరణాల గురించీ ఠాణాకు తెలపాలని నిర్దేశించాయి. 1902–03లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పనిచేసిన పోలీసు కమిషన్ గ్రామ పోలీసు లేనిదే జిల్లా పోలీసు గుడ్డిదన్న అభిప్రాయానికే వచ్చింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసినప్పుడు వంశపారంపర్య పెత్తనం పోయింది, అది పోవలసిందే. తలారులు గ్రామ సేవకులుగా రెవెన్యూ శాఖ కింద మిగిలారు. ఊరికీ ఠాణాకూ మధ్య కబురు మోసే పాత వంతెన మాత్రం ఆ తరువాత నామమాత్రమైంది, దాని స్థానంలో కొత్తది ఎవరూ కట్టలేదు.

సరిగ్గా ఆ దశాబ్దాలలోనే ఇళ్లు ఖాళీ అయ్యాయి. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్ల నుంచి పిల్లలు హైదరాబాదుకూ బెంగుళూరుకూ అమెరికాకూ, కడప, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫుకూ వెళ్లారు. పెద్దవాళ్లు కట్టించుకున్న ఇంటికి కాపలాగా మిగిలారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షలు. వీరిలో ఎక్కువమంది నేటికీ పిల్లల దగ్గరే ఉన్నా, ఒంటరిగా గాని దంపతులు ఇద్దరే గాని ఉండే ఇళ్ల సంఖ్య ఉమ్మడి కుటుంబాల కాలంలో ఊహించలేనంతగా పెరిగింది.

ఇదే పరిస్థితిని అమెరికా అంతకు ముందే ఎదుర్కొన్నది. అక్కడ పోలీసుల మధ్య సమన్వయం అన్నది మరింత కష్టమైన పని, ఎందుకంటే దేశమంతటికీ ఒకే పోలీసు శాఖ అక్కడ లేదు. నగరానికి ఒక పోలీసు అధిపతి ఉంటాడు. కౌంటీకి, అంటే మన జిల్లా వంటి విభాగానికి, ప్రజలు ఓటు వేసి ఎన్నుకునే షెరీఫ్ ఉంటాడు. ఎవరి దళం వారిదే. 1970లలో మొదలైన జాతీయ నేర సర్వే, ఠాణాకు వచ్చిన ఫిర్యాదులను లెక్కించడానికి బదులు ఇంటింటికీ వెళ్లి మీకు ఏ నేరం జరిగిందని అడిగింది. దానిలో తేలిన విషయం పండితులను ఆశ్చర్యపరిచింది. హింసాత్మక నేరాలకు గురయ్యేవారిలో వృద్ధులు యువకులకంటే తక్కువ, అయినా నేరభయం వారిలోనే హెచ్చు. ఈ వైరుధ్యాన్ని కొందరు అకారణ భయంగా కొట్టివేశారు. ఆ తీర్పు న్యాయమైనది కాదు. చీకటి పడితే వీధిలోకి రాని మనిషికి వీధిలో దెబ్బ తగలదు. తక్కువ నేరాల వెనుక ఇంట్లో బిగించుకున్న జీవితం ఉంది. పైగా డెబ్బై ఏళ్ల వయసులో కింద పడితే తుంటి ఎముక విరుగుతుంది, పోయిన సొమ్మును మళ్లీ సంపాదించే వయసు ఉండదు.

1987లో మూడు సంస్థలు ఒక ఒప్పందానికి వచ్చాయి. ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అనే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు 1958లో స్థాపించిన విశ్రాంత వ్యక్తుల సంఘం ఏఏఆర్‌పీ ఒకటి. పోలీసు అధిపతుల అంతర్జాతీయ సంఘం రెండోది. షెరీఫుల జాతీయ సంఘం మూడోది. ముగ్గురి కలయిక కనుక దానికి ట్రయాడ్ అన్న పేరు వచ్చింది. తొలి స్థానిక ట్రయాడ్ 1989లో లూసియానా రాష్ట్రంలోని సెయింట్ మార్టిన్ పారిష్‌లో మొదలైంది; ఇతర రాష్ట్రాల్లో కౌంటీ అనేదాన్ని ఆ రాష్ట్రంలో పారిష్ అంటారు. దాని పనితీరులో గమనించదగినది కార్యక్రమాల పట్టిక కన్నా, వాటిని నిర్ణయించే క్రమం. వృద్ధులూ చట్టరక్షకులూ కలిసి కూర్చునే సలహా మండలి ఒకటి ప్రతిచోటా ఉంటుంది, దానిలో వృద్ధులే ఎక్కువమంది. ఆ మండలి ముందుగా ఆ ప్రాంతంలోని పెద్దవారిని దేనికి భయపడుతున్నారని అడుగుతుంది, ఆ జవాబులను బట్టే పని మొదలవుతుంది. ఒకచోట ఒంటరిగా ఉండేవారికి రోజూ ఉదయం ఫోను చేసి, ఎత్తకపోతే మనిషిని పంపే ఏర్పాటు వచ్చింది. మరొకచోట అంబులెన్సుకు రాత్రి కనబడేటట్టు ఇంటి నంబరు పెద్ద అక్షరాలతో రాయించడం, వాడే మందుల వివరాలున్న కార్డును ఫ్రిజ్ తలుపుకు అంటించడం వచ్చాయి. విశ్రాంత ఉద్యోగులే స్టేషనులో కాగితం పని చేసి, పోలీసులకు వీధిలో తిరిగే తీరిక కల్పించిన ఊళ్లూ ఉన్నాయి. నేర నివారణ అనే మాటకు ఇవి చాలా చిన్న పనులుగా కనిపించవచ్చు. అయితే నేరం నుంచి కాపాడటమూ, పడిపోయిన మనిషిని సమయానికి చూడటమూ వృద్ధుల విషయంలో ఒకే పనికి రెండు కొసలని ఈ మండళ్లు ముందుగా గుర్తించాయి.

అమెరికా అనుభవంలో మరింత లోతైన పాఠం 1990లలో ఫోను మోసాల మీద జరిగిన పోరాటంలో ఉంది. బహుమతి తగిలిందని, పన్ను ముందుగా కడితే పంపుతామని వృద్ధులకు ఫోను చేసి దోచుకునే ముఠాలు, ఒకసారి మోసపోయినవారి పేర్లనూ నంబర్లనూ జాబితాలుగా రాసి ఒకరికొకరు అమ్ముకునేవి, ఎందుకంటే ఒకసారి డబ్బు పంపినవారు పోయిన డబ్బు తిరిగి వస్తుందన్న ఆశతో మళ్లీ పంపుతారని అనుభవం వారికి నేర్పింది. ఒంటరి వృద్ధుల జాబితా పోలీసుల దగ్గర లేని రోజుల్లోనే దొంగల దగ్గర ఉందన్నమాట. కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, శాన్ డియాగో కార్యాలయం చొరవతో సీనియర్ సెంటినెల్ అన్న పేరుతో నడిపిన చర్యలో ఆ జాబితానే తన ఆయుధం చేసుకుంది. మోసపోయినవారి ఫోను నంబర్లను వారి సమ్మతితో విశ్రాంత అధికారులకూ ఏఏఆర్‌పీ స్వచ్ఛంద సేవకులకూ మళ్లించారు. వారు అమాయకులైన ముసలివాళ్లలా మాట్లాడుతూ, మోసగాడు చెప్పే ప్రతి మాటనూ టేపు మీద రికార్డు చేశారు. 1995 డిసెంబరులో దేశవ్యాప్తంగా వందల మందిని అరెస్టు చేసినప్పుడు న్యాయస్థానంలో నిలబడే సాక్ష్యంగా ఆ టేపులు ఉన్నాయి. జ్ఞాపకశక్తి తగ్గిన బాధితులను బోనులో నిలబెట్టి ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసే అవసరం చాలావరకు తప్పింది. అంతకు ముందు సంవత్సరం చేసిన చట్టం, యాభై అయిదేళ్లు దాటినవారిని లక్ష్యంగా చేసుకున్న టెలిఫోను మోసానికి మామూలు శిక్షకు పైన పదేళ్ల వరకు అదనపు జైలు విధించే వీలు కల్పించింది.

భారతదేశంలో సమన్వయం ఇలా కింది నుంచి ఒప్పందంగా రాలేదు, పై నుంచి నియమంగా దిగింది. 1999 నాటి వృద్ధుల జాతీయ విధానం, ఒంటరి వృద్ధులనూ దంపతులనూ పోలీసులు స్నేహభావంతో కనిపెట్టి ఉండాలని, పరిసరాల సంఘాలతో కలిసి పనిచేయాలని చెప్పింది. ఢిల్లీ పోలీసులు 2004లో వృద్ధుల భద్రతకు ప్రత్యేక విభాగం పెట్టి, పేర్లు నమోదు చేసుకున్నవారి ఇళ్లకు బీటు సిబ్బందిని పంపసాగారు. ఆ తరువాత వచ్చిన 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఎక్కువగా పోషణకు పేరుపడింది. పిల్లల నుంచి నెలకు పదివేల రూపాయల వరకు ఇప్పించగల ట్రైబ్యునలు, చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని ఆ షరతు తప్పితే రద్దుచేసే 23వ సెక్షన్ పత్రికలకు ఎక్కాయి. వృద్ధుల ప్రాణాలకూ ఆస్తికీ రక్షణగా రాష్ట్ర ప్రభుత్వాలు సమగ్ర ప్రణాళిక నిర్దేశించాలన్న 22వ సెక్షన్ గురించి అంత చర్చ జరగలేదు.

ఆ సెక్షన్ కింద కేంద్రం పంపిన నమూనా నియమావళిని చదివితే, పాత తలారి చేసిన పనిని కాగితం మీద తిరిగి నిర్మించే ప్రయత్నం కనిపిస్తుంది. ప్రతి ఠాణా తన పరిధిలోని వృద్ధుల జాబితాను, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవారి జాబితాను ఎప్పటికప్పుడు సరిచూసి ఉంచాలి. ఠాణా ప్రతినిధి, వీలైనంతవరకు ఒక సామాజిక కార్యకర్తతో గాని స్వచ్ఛంద సేవకునితో గాని కలిసి, నెలకు ఒకసారైనా వారి ఇళ్లకు వెళ్లాలి. స్వచ్ఛంద సేవకుల సంఘం ఒకటి ఠాణాకూ వృద్ధులకూ మధ్య నిలవాలి. వృద్ధులపై జరిగిన నేరాలకు వేరే రిజిస్టరు పెట్టాలి. పనివాళ్ల పూర్వాపరాలు అడిగినప్పుడు వెంటనే విచారించాలి. ఆంధ్రప్రదేశ్ తన నియమావళిని 2011లో ప్రకటించింది. 2014 నుంచి జాతీయ నేర నమోదు సంస్థ వృద్ధులపై నేరాలను విడిగా లెక్కించడం మొదలుపెట్టింది.

ఈ నియమంలోని మార్పు ఎంత పెద్దదో ఠాణా రికార్డుల చరిత్ర తెలిసినవారికి అర్థమవుతుంది. వలస పాలన నుంచి వచ్చిన ఠాణా జాబితాలు అనుమానించవలసిన మనుషులవి. కేడీల జాబితా, రౌడీ షీట్లు, నేరస్థ తెగలని ముద్ర వేసిన కులాలవారి హాజరు పుస్తకాలు అన్నీ ఆ కోవకు చెందినవే. రాత్రిపూట కానిస్టేబులు తలుపు తట్టాడంటే ఆ ఇంటికి మచ్చ అని ఊరు అనుకునేది. తలుపు తట్టి క్షేమం అడగవలసినవారి జాబితా అదే ఠాణాలో చేరడం పోలీసు స్వభావంలోనే మార్పును కోరుతుంది. ఒక సర్క్యులరుతో అది రాదు. జాబితా రాయడం తేలిక. సిబ్బంది కొరత, బందోబస్తు డ్యూటీల మధ్య నెలనెలా వెళ్లడం కష్టం. కొడుకు పెట్టే హింసను ఇంటి గొడవగా చూసి సర్దిచెప్పి పంపే అలవాటు మానడం అంతకంటే కష్టం.

నెలనెలా వెళ్లడం ఎందుకు అవసరమో తెలుగు పట్టణాల్లో చాలా కాలంగా సాగుతున్న ఒక మోసం చూపిస్తుంది. గుడి నుంచో బజారు నుంచో వస్తున్న పెద్దావిడను సఫారీ దుస్తుల్లోని ఇద్దరు ఆపి, తాము పోలీసులమని గుర్తింపు కార్డు ఒకటి ఝళిపించి, ముందు వీధిలో నగల కోసం దాడి జరిగిందని, గాజులూ గొలుసూ తీసి పొట్లం కట్టి సంచిలో వేసుకోమని చెబుతారు. పొట్లం కట్టడానికి తామే సాయం పడతారు. ఆవిడ ఇంటికి వెళ్లి విప్పి చూసుకుంటే దానిలో ఉండేవి గులకరాళ్లు. ఇటీవలి డిజిటల్ అరెస్టు అనే నేరం దీనికి కొనసాగింపే. వీడియో కాల్‌లో యూనిఫారం, వెనుక ఠాణా బోర్డు, మీ పేరుతో వచ్చిన పార్సిలులో మత్తుమందు దొరికిందన్న బెదిరింపు, గది తలుపు వేసుకుని ఎవరితోనూ మాట్లాడవద్దన్న ఆజ్ఞ. పదవీ విరమణ సొమ్మంతా బదిలీ అయ్యేవరకు ఆ కాల్ తెగదు. రెండు మోసాల్లోనూ దొంగ తొడుక్కున్నది పోలీసు వేషమే. తన వీధి బీటు కానిస్టేబులు ముఖం తెలిసి, అతని ఫోను నంబరు గోడ మీద రాసి ఉన్న వృద్ధురాలికి ఆ వేషాన్ని పరీక్షించుకునే దారి ఉంటుంది. నిజమైన పోలీసును జీవితంలో ఎన్నడూ దగ్గరగా చూడనివారికి అది ఉండదు. నెలకు ఒకసారి వచ్చే మనిషి చేసే మేలు తాళాలు సరిచూడటంలో కన్నా ఈ పరిచయంలో ఎక్కువ.

హైదరాబాదులో 2017లో టాటా ట్రస్టుల చొరవతో, తెలంగాణ ప్రభుత్వ సహకారంతో మొదలైన వృద్ధుల సహాయ కేంద్రమే తరువాత 14567 నంబరుతో దేశమంతటికీ ఎల్డర్ లైన్ అయింది. 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు దాన్ని దేశానికి అంకితం చేశారు. సైబర్ మోసాలకు 1930 నంబరు వచ్చింది. ఈ నంబర్లు విలువైనవే, కాని ఫోను చేయగలిగే స్థితిలో ఉన్నవారికే. గదిలో బందీగా కాల్ మీద ఉన్న మనిషికి అడ్డుపడగలిగే చివరి వ్యక్తి చాలాసార్లు బ్యాంకు గుమాస్తా. కొడుకునని, మనవడినని నమ్మించి డబ్బు పంపించుకునే మోసాలు జపానులో 2000ల ఆరంభంలో పెచ్చుపెరిగినప్పుడు అక్కడి పోలీసులు బ్యాంకులనే కావలిలో భాగస్వాములను చేశారు. తొందరగా పెద్ద మొత్తం పంపబోయే వృద్ధులను సిబ్బంది ఆపి ప్రశ్నించడం, అవసరమైతే ఠాణాకు కబురు చేయడం అక్కడ పనిలో భాగమైంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టడానికి కంగారుగా వచ్చిన ఖాతాదారుతో మాటలు కలిపి మోసాన్ని ఆపిన బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. అది వారి మంచితనం. 2007 చట్టం కింద రాసిన నమూనా నియమంలో పోలీసు, సామాజిక కార్యకర్త, స్వచ్ఛంద సేవకుడు ఉన్నారు గాని బ్యాంకు ప్రస్తావన లేదు.

ఆ చట్టాన్ని సవరించడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు ప్రతి ఠాణాలో అసిస్టెంటు సబ్‌ఇన్‌స్పెక్టరుకు తగ్గని అధికారి ఒకరిని వృద్ధుల వ్యవహారాలకు నియమించాలని, జిల్లాకొకటి చొప్పున డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి కింద ప్రత్యేక పోలీసు విభాగం ఉండాలని ప్రతిపాదించింది. నియమాల్లో ఉన్న బాధ్యతను పేరుగల ఒక మనిషి మీద పెట్టిన ప్రతిపాదన అది. బిల్లు స్థాయీసంఘానికి వెళ్లి తిరిగివచ్చింది, సభ ఆమోదం పొందలేదు, 2024లో పదిహేడవ లోక్‌సభతో పాటు మురిగిపోయింది.